నాలుగింటికి లేవలేనిదాన్ని, ప్రార్థనాపరురాలిని ఎలా అవుతాను?

పేరు రాయవద్దన్న ఒక సోదరి ఉత్తరం ఇది. తొమ్మిది పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం సాయంత్రం, ఒక వారం నైట్. భర్త, ఇద్దరు పిల్లలు. పుట్టింట్లో అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి గంటసేపు మోకాళ్ల మీద ఉండేదట, ఇప్పటికీ ఉంటుందట. "ప్రార్థన అనగానే నాకు గుర్తొచ్చేది చీకట్లో అమ్మ వీపు" అని రాసింది. తానూ అలాగే చేయాలని ప్రతి జనవరి 1న తీర్మానం చేసుకుంటుంది, నెల తిరక్కుండానే చతికిలబడుతుంది. ఈ ఏడాది ఫోన్లో బైబిల్ యాప్ ఒకటి పెట్టుకుంది. అది వరసగా 41 రోజులు లెక్క చూపించింది. నైట్ డ్యూటీలో ఒక్క రోజు తప్పేసరికి అంకె మళ్లీ సున్నాకి వచ్చింది. ఆ తర్వాత యాప్ తెరవలేదు.

రాత్రి భర్త నడిపే కుటుంబ ప్రార్థన ముప్పావుగంట సాగుతుంది. ఆయన ఒక్కొక్కరి పేరే చెప్పి ప్రార్థిస్తుంటే తాను యూనిఫాం ఆరిందో లేదో అని ఆలోచిస్తూ ఉంటుంది. వార్డులోనూ సంఘంలోనూ ఎవరైనా "మా కోసం ప్రార్థన చెయ్యండి సిస్టర్" అంటే "తప్పకుండా" అంటుంది, గేటు దాటేలోపే మరిచిపోతుంది. "రోజుకి రెండు మూడు అబద్ధాలు ఆడుతున్నట్టుంది" అంటోంది.

ఇక ఎనిమిదో పేజీ అడుగున నాలుగు లైన్లున్నాయి. 14 నెలల కిందట వాళ్ల నాన్నగారు 23 రోజులు ఐసీయూలో ఉండి చనిపోయారు. ఆ రోజుల్లో ఈమె ఉపవాసం ఉండి ప్రార్థించింది. తర్వాత సంఘంలో ఒకరు, "ఇంకాస్త విశ్వాసం ఉండాల్సిందమ్మా" అన్నారట. ఆమె ప్రార్థన నోట్‌బుక్కులో చివరగా రాసింది నాన్న పేరే, కింద రెండు గీతలు. తర్వాత పేజీలన్నీ ఖాళీ. "అయినా ఈ ఉత్తరం దాని గురించి కాదు" అని రాసి, మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చింది. రోజూ ప్రార్థనకు సమయం ఎలా కుదుర్చుకోవాలి? కొత్త నోట్‌బుక్ కొనుక్కోనా?

చెల్లెమ్మా,

"దాని గురించి కాదు" అని మీరు రాసిన దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. దానికి తప్పకుండా వస్తాను. మీరు అడిగింది సమయం గురించి కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం.

అమ్మగారు నాలుగింటికి లేస్తారు సరే, ఎన్నింటికి పడుకుంటారు? నాలుగింటికి లేచేవాళ్లు చాలామంది ఎనిమిదిన్నరకల్లా దీపం ఆర్పేసేవాళ్లే. నైట్ వారంలో ఆ నాలుగింటికి మీరు ఎవరికో సెలైన్ మారుస్తూనో, బీపీ చూసి చార్టులో రాస్తూనో ఉంటారు. అంటే ఆ వేళకు మీరూ మేలుకునే ఉన్నారు! అమ్మ దినచర్యను మీ డ్యూటీ చార్టు మీద పరిచి చూసుకుని, అది సరిపోలేదని ఇన్నేళ్లుగా మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు.

మన సంఘాల్లో ఎవరూ పైకి చెప్పని కొలబద్ద ఒకటుంది. ఎంత పెందలాడే లేస్తే అంత భక్తి, ఎంతసేపు మోకరిస్తే అంత లోతు. సాక్ష్యాల్లో వినబడేవి ఎక్కువగా అవే. పది నిమిషాలు ప్రార్థించి డ్యూటీకి వెళ్లానని లేచి సాక్ష్యం చెప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఈ కొలబద్దకు ఆధారంగా మార్కు సువార్త 1:35 చూపిస్తారు. యేసు "ఇంకను చాలా చీకటి యుండగానే" లేచి వెళ్లి ప్రార్థించాడని. నిజమే. కానీ ఆ వచనానికి అటూ ఇటూ ఉన్నవి కూడా చదవండి. ముందురోజు సాయంత్రం పట్టణమంతా రోగులను తీసుకొచ్చి వాకిట్లో నిలబడింది. మర్నాడు ఆయన ప్రార్థనలో ఉండగానే సీమోను వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నాడు. ఆయన లేచి పనిలోకి వెళ్లిపోయాడు. ఇది ఒక పనిరోజుకూ ఇంకో పనిరోజుకూ మధ్య దొరికిన సందు, అదీ మధ్యలో తెగింది. రోజూ అదే వేళకు అలాగే చేశాడని ఆ వచనంలో లేదు.

మీ ఉద్యోగానికి దగ్గరగా ఉండే మనిషి నాకు బైబిల్లోని దానియేలు అనిపిస్తాడు. రాజ్యంలోని ముగ్గురు ప్రధానుల్లో ఒకడు, లెక్కలూ అధికారులూ చూసుకునే ఉద్యోగి. రోజుకు మూడుసార్లు ప్రార్థించేవాడు. ప్రాణం మీదకు వచ్చిన రోజున కూడా "యథాప్రకారముగా" మోకరించాడని దానియేలు గ్రంథం 6:10లో ఉంటుంది. నన్ను ఎప్పుడూ ఆపేది ఆ ఒక్క మాటే. ఎంతసేపు ప్రార్థించాడో అక్కడ రాయలేదు. ఎప్పట్లాగే అని మాత్రం రాశారు.

మరి వారం వారం షిఫ్టు మారే మనిషికి "ఎప్పట్లాగే" ఎక్కడుంటుంది? గడియారంలో దొరకదు. గడియారాన్ని పట్టుకున్నవాళ్లు నైట్ వారంలో జారిపోవడం ఖాయం. డ్యూటీ ఏదైనా మారకుండా వచ్చే పని ఒకటి పట్టుకోవాలి. మీ ఉత్తరంలోనే ఒకటి ఉంది, మీరు గమనించలేదు. లాకరు తీసి, చెప్పులు మార్చుకుని, ఐడీ కార్డు మెడలో వేసుకుని, వార్డులోకి వెళ్లేముందు చేతులు కడుక్కుంటానని రాశారు. పగలైనా రాత్రైనా అది తప్పదు. సబ్బుతో చేతులు కడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సమయం 40 నుంచి 60 సెకన్లు, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనను నేను నెమ్మదిగా చెప్పి గడియారం చూశాను, ఆ సమయంలో హాయిగా ఇమిడిపోయింది. తొలి సంఘాల కాలం నాటి డిడాఖే అనే చిన్న బోధనలో ఆ ప్రార్థననే రోజుకు మూడుసార్లు చెప్పమని ఉంది. డ్యూటీ ఎక్కేముందు చేతులు కడుగుతూ ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, ఇంట్లో పక్క మీద వాలేముందు ఒకసారి. ఆ పక్క రాత్రి పదింటిదైనా పగలు పదింటిదైనా ఫరవాలేదు.

దీంతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. రెండు వారాలకల్లా పెదాలు వాటంతట అవే కదులుతాయి. "ఆమేన్" అన్నాక గానీ చెప్పామన్న సంగతే తెలియదు. అప్పుడు మీలాంటివాళ్లకు వెంటనే మత్తయి 6:7 గుర్తొస్తుంది, వ్యర్థమైన మాటలు వద్దని యేసు అన్నాడు కదా అని. ఆ మాట చెప్పిన నోటితోనే, రెండు వచనాలు తిరిగేసరికి, కంఠతా పట్టదగిన ప్రార్థన ఒకటి ఇచ్చాడు. పలికిన మాటే మళ్లీ పలకడం తప్పని నేననుకోను. ధ్యాస తప్పిన రోజున ఒక్క వాక్యం దగ్గర ఆగండి, "మా అనుదినాహారము" దగ్గరో, "కీడునుండి తప్పించుము" దగ్గరో. ఆ రోజుకు అదే ప్రార్థన. ఆగాలని కూడా తోచకపోతే నీళ్లు కట్టేసి డ్యూటీకి వెళ్లిపోండి. యాంత్రికంగా చెప్పినా ఆ మాట అక్కడ ఉండటం వల్ల, ఏదో ఒక రోజు ఒక మంచం దగ్గర నుంచి వచ్చినప్పుడు దానికది అర్థంతో బయటకొస్తుంది. నాకలా జరిగింది.

అమ్మలాగే సుదీర్ఘంగా ప్రార్థించాలన్న కోరిక కూడా మీకుంది. అది కేవలం అపరాధభావం వల్ల వచ్చినదే అయితే వదిలేయమనేదాన్ని. కానీ చీకట్లో ఆ వీపు గురించి మీరు రాసిన తీరులో బెంగ ఉంది. కాబట్టి దాన్ని వీక్లీ ఆఫ్ రోజుకు పెట్టుకోవచ్చు. వారానికి ఒక్కరోజు, నిద్ర సరిపోయాక, అరగంట. అలా చేస్తే ఒక ఇబ్బంది వస్తుంది. మిగతా ఆరు రోజుల చిన్న ప్రార్థన మీ కంటికి "అసలుది కానిది"గా కనబడటం మొదలుపెడుతుంది. అదీ ఇదీ రెండూ నిలబెట్టుకోగలనన్న నమ్మకం ఉంటేనే పెట్టుకోండి. లేదంటే మొదటి మూడు నెలలు చేతులు కడిగే దగ్గరి ప్రార్థన ఒక్కటే చాలు. (ఒక్కమాట. ఒకప్పుడు నేనూ నాలుగింటి ప్రయోగం చేశాను. మూడోరోజు మంచం పక్కన మోకరించి అలాగే నిద్రపోయాను. ఆరింటికి మావారు లేపితే నుదుటి మీద దుప్పటి అల్లిక అచ్చుపడి ఉంది.)

యాప్ సున్నా సంగతికి వద్దాం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. ప్రార్థన గురించి చేసింది కాదు. రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న పని చేయడం ఎన్నాళ్లకు అలవాటుగా కుదురుకుంటుందని చూశారు. సగటున 66 రోజులు పట్టిందన్నారు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. నాకు పనికొచ్చిన ముక్క ఏమిటంటే, మధ్యలో ఒక్కరోజు తప్పినందువల్ల అలవాటు కుదురుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. 41 రోజులు మీలో ఏం జరిగిందో అది 42వ రోజున చెరిగిపోలేదు. చెరిగింది ఫోన్లో అంకె. ఆ యాప్ మళ్లీ పెట్టుకుంటారా? చదవడానికి వాడితే మంచిదే. లెక్క కనబడకుండా చేసే వీలుంటే అలా చేయండి, లేకపోతే కాగితం బైబిలే మేలు. అంకె మీ మీద పెత్తనం చేస్తుందని ఇప్పటికే తేలిపోయింది.

"తప్పకుండా" అబద్ధాలకు మందు ఉంది, కాస్త బిడియం పోగొట్టుకోవాలి. అడిగినచోటే, అప్పుడే ప్రార్థించేయండి. మంచం పక్కన నిలబడి రెండు వాక్యాలు, వాళ్లకు ఇష్టమైతే పైకి, లేకపోతే మనసులో. డ్యూటీలో పైకి ప్రార్థించడం మీ ఆసుపత్రిలో కుదరకపోవచ్చు, వేరే నమ్మకం ఉన్నవాళ్లు పక్క మంచంలో ఉండొచ్చు, ఆ మర్యాద మీకు తెలుసు. మనసులో అయితే ఎవరికీ అడ్డం లేదు. ఆ తర్వాత మీరు మరిచిపోయినా మాట తప్పినట్టు కాదు, ఇచ్చిన మాట అక్కడే తీరిపోయింది. అసలు మాట ఇవ్వకుండా "దేవుడు మీకు తోడుండాలి" అనొచ్చు కూడా, అదీ ప్రార్థనే కదా.

కుటుంబ ప్రార్థన విషయం కొంచెం సున్నితమైనది. మీవారితో చెబితే నొచ్చుకుంటారని భయపడుతున్నారు, నొచ్చుకోవచ్చు కూడా. 6వ శతాబ్దంలో సన్యాసుల కోసం నియమావళి రాసిన బెనెడిక్టు, పగలు ఏడుసార్లు రాత్రి ఒకసారి ప్రార్థనకు లేవమన్న మనిషే, అందరూ కలిసి మౌనంగా ప్రార్థించేటప్పుడు మాత్రం క్లుప్తంగా ముగించమన్నాడు. రోజుకు అన్నిసార్లు ప్రార్థనకు చేరేవాళ్లకే ఆ మాట చెబితే, డ్యూటీ దిగివచ్చిన నర్సుకూ, కళ్లు మూతలు పడుతున్న పిల్లలకూ ముప్పావుగంట ఎంతో ఆలోచించండి. కానీ బెనెడిక్టును తీసుకెళ్లి ఆయన ముందు పెట్టకండి, వాదన అవుతుంది. "పిల్లలు కూడా తలో వాక్యం ప్రార్థిస్తే బాగుంటుంది, అందరం కలిసి పావుగంటలో ముగిద్దాం, పేర్ల జాబితా మీరు తర్వాత తీరిగ్గా చూసుకోండి" అని అడగండి. ఒప్పుకుంటే పిల్లలకు నోరొస్తుంది. ఒప్పుకోకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది, కాకపోతే మీ మనసులో ఉన్నది ఆయనకు తెలిసి ఉంటుంది. ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని యూనిఫాం గురించి ఆలోచించడం కూడా ఒక దారే, చాలా ఇళ్లలో నడిచేది అదే. దానికి మీరిచ్చుకునే ధర ఏమిటంటే, ప్రార్థన అంటే భరించాల్సినదన్న భావం నెమ్మదిగా గట్టిపడుతుంది.

ఇప్పుడు ఎనిమిదో పేజీకి వస్తాను.

చెల్లెమ్మా, మీ సమస్య సమయం కాదేమోనని నా అనుమానం. డ్యూటీలు పన్నెండేళ్లుగా మారుతూనే ఉన్నాయన్నారు. నోట్‌బుక్ ఆగింది మాత్రం 14 నెలల కిందట. అంతకుముందు తడబడుతూ, తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ నడిపారు. నాన్న పేరు కింద రెండు గీతలు గీశాక మళ్లీ మొదలుపెట్టలేదు. మనసులో అన్నిటికన్నా పెద్దగా ఉన్నదాన్ని గుమ్మం బయట నిలబెట్టి, మిగతా విషయాలు మాట్లాడదామని ఎవరితోనైనా రోజూ కూర్చోగలరా? రెండు నిమిషాల్లో లేచి వచ్చేస్తాం. మీరు చేస్తున్నది అదేననుకుంటున్నాను.

విశ్వాసం చాలలేదన్న ఆ మాట గురించి మొహమాటం లేకుండా చెబుతాను, అది తప్పు. అన్నవారికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, చావు ఇంట్లో ఏదో ఒకటి అనాలని మనుషులు ఏదో ఒకటి అంటారు. కానీ సిలువకు ముందురాత్రి గెత్సేమనేలో, రాబోయే శ్రమ అనే ఆ గిన్నె తన నుండి తొలగిపోనిమ్మని యేసు అడిగాడు. మత్తయి 26:44లో, "ఆ మాటలే చెప్పుచు" మూడోసారి ప్రార్థించాడని ఉంది. గిన్నె తొలగలేదు. ఆయనకు ఇంకాస్త విశ్వాసం ఉండాల్సిందని ఎవరైనా అంటారా? అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు. మీ 23 రోజుల ప్రార్థన ఈ వరసలోనిది. నాన్నగారు ఎందుకు బతకలేదన్న దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందన్నవాళ్ల దగ్గర కూర్చోకండి.

మరి దేవునితో ఏం మాట్లాడాలి? కోపం చూపిస్తే తప్పేమోనని మీరు రాయకపోయినా లైన్ల మధ్య కనబడింది. కీర్తనలు 150 ఉన్నాయి, వాటిలో మొర పెట్టేవీ నిలదీసేవీ చాలా ఉన్నాయి. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరి దాకా వెలుగు రాదు, చీకటి దగ్గరే ముగుస్తుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు, తరతరాలు ప్రార్థనగానే చదివాయి. మీకు మాటలు రాకపోతే ఆ మాటలు అరువు తెచ్చుకోండి. ఇలా చేస్తే ఒకటి జరగొచ్చు, ముందే చెబుతున్నాను. 14 నెలలుగా ఆపుకున్న ఏడుపు వస్తుంది. డ్యూటీకి ముందు ఇది మొదలుపెట్టకండి. ఆఫ్ రోజున, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకోండి. లేదా అమ్మ దగ్గర. ఆమెకూ భర్త పోయాడు. ఆ నాలుగింటి చీకట్లో ఇప్పుడామె ఏమంటోందో మీరెప్పుడైనా అడిగారా? మీరు అందుకోలేని భక్తిగా చూస్తున్న ఆ వీపు, ఈ 14 నెలల్లో మీలాగే నిలదీస్తూ ఉండి ఉండొచ్చు. అడగమని ఒత్తిడి చేయను. అడిగితే ఆమె కూడా బరువు దించుకోవచ్చు, లేదా మాట తప్పించి మిమ్మల్నే ఓదార్చి పంపేయవచ్చు. రెండోదే జరిగితే నొచ్చుకోకండి.

కొన్నాళ్లు ప్రార్థన పూర్తిగా మానేసి, ఆదివారం ఆరాధనకు మాత్రం వెళ్లి కూర్చోవడం కూడా కొందరు చేస్తారు. నేను దాన్ని పాపమనను. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే, దూత అతన్ని ప్రార్థించమనలేదు. లేపి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. నిద్రలేమీ దుఃఖమూ కలిసిన శరీరానికి ముందు కావాల్సింది అదే కావచ్చు. కానీ గడువు లేకుండా మానేస్తే నాన్న విషయం అలాగే గడ్డకట్టిపోతుంది, అది మటుకు చూశాను. మానేస్తే ఒక తేదీ వేసుకుని మానేయండి. ఇంకొకటి, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, సెలవు రోజున కూడా నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే మీ ఆసుపత్రిలోనో బయటో డాక్టరును కలవండి. ఆ లక్షణాలు ఇంకొకరిలో అయితే మీరే ముందు పసిగడతారు.

కొత్త నోట్‌బుక్ సంగతి. కొత్తది కొంటే మొదటి పేజీ శుభ్రంగా ఉంటుంది, నాన్న పేరు కనబడదు. అదే దాని సుఖం, దాని లోటూ అదే. పాతదే అయితే ఆ రెండు గీతల పేజీ తిప్పాలి, చేతికి బరువుగానే ఉంటుంది. నన్నడిగితే పాతదే అంటాను, కానీ ఇప్పుడే తిప్పనక్కర్లేదు. తిప్పినరోజున అవతలి పేజీలో స్తుతితోనే మొదలుపెట్టాలని లేదు. తేదీ వేసి, "నాన్న లేడు" అని ఒక్క ముక్క రాసి మూసేసినా ఆ రోజుకు అది ప్రార్థనే.

లాకరు దగ్గరి ప్రార్థన మాత్రం నైట్ వారంలో మొదలుపెట్టకండి. పగటి డ్యూటీ పడిన సోమవారం చూసుకుని మొదలుపెట్టండి, నైట్ వచ్చేసరికి చేతులకు కొంచెం అలవాటై ఉంటుంది.